దంతేవాడలో రెండు రాళ్లు

1703. ఎండలు ముదురుతున్న రోజులు. శంఖిని, డంకిని నదులు కలిసే చోట, దంతేశ్వరి గుడి ముందు బస్తర్ రాజ్యం రాజ్యమంతా దిగినట్టుంది. రాజు దిక్పాలదేవుడు కుటుంబంతో సహా అమ్మవారి యాత్రకు వచ్చాడు. దున్నలు, మేకలు వేలల్లో తెగుతున్నాయి. ఆ నెత్తురు పారి శంఖిని నీళ్లు ఐదు రోజుల పాటు కుసుమ పువ్వు రంగుకు తిరిగాయట. ఇది చూసినవాళ్లు చెప్పుకున్న మాట మాత్రమే కాదు, రాతి మీద చెక్కించిన మాట.

ఆ రాయి చెక్కించినవాడు రాజగురువు భగవాన్ మిశ్ర, మైథిల పండితుడు. సంస్కృతంలో ప్రశస్తి రాసి మొదటి రాయి సిద్ధం చేశాడు. అక్కడితో పని అయిపోవాలి. కానీ ఆయన రెండో రాయి తెప్పించాడు. ఆ సమయంలో రాజుకూ గురువుకూ మధ్య ఏ మాటలు సాగాయో ఎవరూ రాసిపెట్టలేదు కనుక ఇలా ఊహించుకుందాం.

“ఇంకో రాయి దేనికి గురుదేవా? చెప్పాల్సిందంతా అందులో ఉందిగా!”

“ఉంది మహారాజా. చదివేవాళ్లు ఉండాలిగా.”

“మీరున్నారు.”

“నేనెన్నాళ్లుంటాను? ఇది కలియుగం. దేవభాష చదివేవాళ్లు రానురాను తగ్గిపోతారు. ఇదే సంగతి జనం మాట్లాడే భాషలో కూడా పడి ఉండనివ్వండి.”

సంభాషణ మన కల్పన. కారణం మాత్రం కల్పన కాదు. కలియుగంలో సంస్కృతం చదవగలిగేవాళ్లు కొద్దిమందే ఉంటారు గనుక రెండో రాతి మీద భాషలో రాయిస్తున్నామని ఆ రెండో రాయే తన మొదటి పంక్తుల్లో చెప్పుకుంటుంది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు పాత హిందీ వచనానికి దొరికే తొలి నమూనాల్లో అదొకటి. మన సంకల్పంలో పురోహితుడు గుక్క తిప్పుకోకుండా చదివేసే కలియుగాన్ని ఆ పండితుడు ఒక ఆచరణాత్మక సమస్యగా తీసుకుని, దానికి అదనంగా ఒక రాయి ఖర్చు పెట్టించాడు. యుగం గురించి ఇంత పనికొచ్చే ఆలోచన నేను ఇంకెక్కడా చూడలేదు.

తెలుగువాళ్లకు ఆ రాయి అంతకన్నా ముఖ్యం కావడానికి మరో కారణముంది. రాజవంశాన్ని అది పాండవుల దగ్గర మొదలుపెడుతుంది. అర్జునుడి సంతతివారు హస్తినాపురం విడిచి ఓరుగల్లుకు రాజులయ్యారంటుంది. వారిలో కాకతి ప్రతాపరుద్రుడు శివాంశ సంభూతుడు, తొమ్మిది లక్షల విలుకాళ్లకు ప్రభువు, ఆయన రాజ్యంలో బంగారు వాన కురిసింది. ఆయన తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి బస్తర్‌కు రాజయ్యాడు. అంతే. తరవాత హమీరదేవుడు, భైరవదేవుడు, పురుషోత్తమదేవుడు అంటూ జాబితా సాగిపోతుంది. కోట పడిపోయిన సంగతి లేదు. తుగ్లక్ పేరు లేదు. మనం పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం మూసి మరో అధ్యాయం తెరిచే చోట, దంతేవాడ రాయికి ‘ఓరుగల్లు విడిచి’ అన్న రెండు మాటలు సరిపోయాయి.

ఆ రెండు మాటల వెనక ఏం జరిగిందో ఓరుగల్లు వైపు నుంచి చూద్దాం.

ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్‌ఖాన్ మొదటిసారి ముట్టడికి వచ్చినప్పుడు కోట లొంగలేదు. పైగా ఢిల్లీలో సుల్తాను చనిపోయాడని శిబిరంలో పుకారు పుట్టింది. సేనానులు ఎవరి దారి వారు చూసుకున్నారు. ఉలుగ్‌ఖాన్ దేవగిరికి వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఓరుగల్లులో ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊరట ఎక్కువ కాలం నిలవలేదు. 1323లో అతను బీదరు, బోధన్‌లను లొంగదీసుకుంటూ మళ్లీ వచ్చాడు. ఈసారి ముట్టడి నెలల తరబడి సాగింది. మట్టికోట, లోపల రాతికోట, ఆ లోపల ఆకలి. చివరికి ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరాన ప్రాణం విడిచాడు. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం ఆ మరణాన్ని సూర్యాస్తమయంగా, ఆ తరవాతి కాలాన్ని చీకటిగా వర్ణిస్తుంది. నూరేళ్ల తరవాతి కలువచేరు శాసనం మాత్రం ఆయన తన ఇచ్ఛతోనే వెళ్లిపోయాడంటుంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది.

‘కాకతీయ యుగం ముగిసింది’ అన్న గీత ఈ చోట గీశాం. గీసిన చేతులు విలస శాసనం చెప్పిన చీకటిని నమ్మిన చేతులు. తప్పేమీ లేదు, ఆ రోజుల్లో ఓరుగల్లులో ఉన్నవాళ్లకు నిజంగానే చీకటి. అయితే 1336 ప్రాంతానికే కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలిచాడు. అంటే ఆ గీత ఓరుగల్లులో సైతం పుష్కరకాలం దాటి కొద్దిగానే నిలిచింది.

ఇక బస్తర్ వైపు, ఇంద్రావతి వైపు. రాయి అన్నమరాజు అని పిలిచిన అన్నమదేవుడు గోదావరి దాటి, భోపాల్‌పట్నం మీదుగా అడవిలోకి వెళ్లాడని బస్తర్ జనశ్రుతి. ఇవాళ హైదరాబాదు నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి భోపాల్‌పట్నం దగ్గరే ఆగుతుంది. దంతేశ్వరి అమ్మవారు తన వెనకే నడిచి వస్తానందట, వెనక్కి తిరిగి చూడకూడదని షరతు పెట్టిందట. అందెల చప్పుడు వింటూ ఆయన ముందుకు నడిచాడు. శంఖిని–డంకిని ఇసుకలో అందెలు కూరుకుపోయి చప్పుడు ఆగింది. తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. ఇలాంటి కథలు మన ఊళ్లలోనూ చాలా గుళ్లకు ఉన్నాయి. రాజ్యం ఎక్కడి వరకు వచ్చి ఎందుకు ఆగిందో చెప్పడానికి జనానికి ఇంతకన్నా మంచి పద్ధతి దొరకలేదేమో.

ఆయన అడుగుపెట్టింది తెలుగు వినని నేలేమీ కాదు. అప్పటికి రెండున్నర శతాబ్దాల ముందే, అప్పట్లో చక్రకోట అనిపించుకున్న బస్తర్‌ను ఛిందక నాగులు ఏలే రోజుల్లో, వారి సామంతుడైన తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు బార్సూర్‌లో గుడి కట్టించి తెలుగులో శాసనం వేయించాడు. కొత్త రాజు వచ్చాడు, నిజమే. కొత్త యుగం వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

ఎప్పుడు వచ్చాడన్నది ఇంకో చిక్కు. ఇక్కడ సాక్ష్యం చెప్పేది రాజులు కాదు, ఒక స్త్రీ. చిత్రకోట జలపాతం ఉన్న ఆ ప్రాంతంలో టెమరా అనే ఊళ్లో ఒక సతి రాయి ఉంది. భర్తతో పాటు చితి ఎక్కిన ఒక ఆడమనిషి పేరిట నిలిపిన రాయి. దాని మీద శక సంవత్సరం 1246. అంటే 1324. చక్రకోట మీద అప్పుడు రాజ్యం చేస్తున్నది హరిశ్చంద్రదేవుడని ఆ రాయి చెబుతోంది. నాగవంశంలో మనకు తెలిసిన చివరి పేరు అదే. అంటే ఓరుగల్లు పడిన మరుసటి ఏడు కూడా బస్తర్‌లో పాత రాజే ఉన్నాడు. అన్నమదేవుడి గెలుపు ఆ తరవాతిదే. ఒక వంశపు ముగింపుకు ఇంత గట్టి ఆధారం, ఏ యుద్ధంతోనైనా సంబంధముందో లేదో తెలియని ఒక ఇంటి చావు. ఆమె చితి పేర్చినవాళ్లు చరిత్ర రాస్తున్నామనుకుని ఉండరు.

మన పంచాంగం లెక్కన ఓరుగల్లు పడిన ఏడాది రుధిరోద్గారి. టెమరా రాయి ఏడాది రక్తాక్షి. పేర్లు వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అరవై ఏళ్లకోసారి ఆ పేర్లు వరసలో వస్తూనే ఉంటాయి. 1983–84 కూడా రుధిరోద్గారే, ఆ ఏడు పుట్టినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. చక్రంలా తిరిగే లెక్కలో యుగాంతాలకు చోటు లేదు. ఉగాది వస్తుంది, పేరు మారుతుంది, పచ్చడి తింటాం. ముగింపు కావాలంటే సరళరేఖలాంటి లెక్క కావాలి, దాని మీద గీత గీసేవాడు కావాలి.

మళ్లీ దిక్పాలదేవుడి రాయి దగ్గరికి. యాత్ర మొదలైంది సంవత్ 1760 చైత్ర సుది 14న, పూర్తయింది వైశాఖ వది 3న. తెలుగు పంచాంగం చేత్తో పట్టుకుని చదివితే ఇది నెల రోజులు దాటిన యాత్ర అనిపిస్తుంది. నది ఎర్రబడింది ఐదు రోజులేగా! చిక్కుముడి విప్పడం తేలికే. ఉత్తరాదిలో నెల పున్నమితో ముగుస్తుంది. చైత్ర శుద్ధం కాగానే వైశాఖ వది. వాళ్ల వైశాఖ వది 3 మనకు చైత్ర బహుళ తదియ. చతుర్దశి, పున్నమి, పాడ్యమి, విదియ, తదియ. లెక్క సరిపోయింది, సరిగ్గా ఐదు.

నాకు ఈ చిన్న లెక్కే అసలు కథలా కనిపిస్తుంది. ఓరుగల్లు కాకతీయులు శాలివాహన శకంలో తేదీ వేశారు. బస్తర్‌లో వాళ్లకన్నా ముందున్న నాగులూ శకమే వాడారు. 1703 నాటికి అదే కాకతీయ వంశం తనదని చెప్పుకునే రాజు విక్రమ సంవత్‌లోకి మారిపోయాడు. నెల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది కూడా మారిపోయింది. రాజభాష మారింది, గురువు మిథిల నుంచి వచ్చాడు, రాణి చందేల్ ఇంటి ఆడపడుచు. ఇంత పెద్ద మార్పుకు తేదీ లేదు. ఏ ఒక్క ఉదయమూ ఎవరూ లేచి ‘ఇవాళ్టి నుంచి మనం తెలుగు దేశపు కాలంలో లేము’ అనుకోలేదు. కోట కూలితే తేదీ రాసుకుంటాం. పంచాంగం మారితే ఎవరూ రాసుకోరు. కానీ మనుషుల రోజువారీ బతుకును ఎక్కువగా మార్చింది ఏది?

ఇంకో ఇబ్బంది కూడా ఒప్పుకోవాలి. అన్నమరాజు నుంచి దిక్పాలుడి దాకా రాయి చెప్పే పేర్లు పదికి అటూ ఇటూ. మధ్య దూరం 380 ఏళ్లు. తరానికి దాదాపు నలభై ఏళ్లు పడుతుంది. ఆయుష్మంతులే అయి ఉండాలి, లేదా కొన్ని పేర్లు జారిపోయి ఉండాలి. వంశావళులన్నీ కొంత ఇలాగే ఉంటాయి. కాలాన్ని పేర్లతో నింపుతాం, పేర్లు చాలకపోతే సాగదీస్తాం.

మనుషుల రాళ్ల మాట ఇలా ఉంటే, మనుషులు చెక్కని రాయి ఒకటి అదే బస్తర్‌లో ఉంది. జగదల్‌పూర్‌కు దక్షిణాన కాంగేర్ లోయ. అక్కడి కుటుంసర్ గుహను 1950లలో శంకర్ తివారీ అనే పరిశోధకుడు లోపలిదాకా వెళ్లి బయటి ప్రపంచానికి చూపించాడు. ఆ చీకట్లో దొరికిన ఒక కీచురాయి జాతికి తరవాత ఆయన పేరే పెట్టారు. అదే లోయలో దండక్ అనే మరో గుహ ఉంది. దాని నేల మీద పైనుంచి చుక్క చుక్కగా నీరు పడి, ఆ నీటిలోని సున్నం పొర మీద పొరగా పేరుకుని లేచిన ఒక స్తంభాన్ని శాస్త్రవేత్తలు పరీక్షించారు. పొర ఏ ఏడాదిదో యురేనియం, థోరియం పాళ్లను బట్టి లెక్క కడతారు. ఆ ఏడు వానలు ఎలా కురిశాయో ఆక్సిజన్‌లోని బరువైన, తేలికైన రకాల నిష్పత్తి చెబుతుంది. వాన బాగా కురిస్తే బరువైన ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. ఆశిష్ సిన్హా, యాదవ, రమేశ్ తదితరులు 2007లో ప్రచురించిన ఆ పరిశోధనలో సుమారు 600 నుంచి 1500 దాకా తొమ్మిది వందల ఏళ్ల వానల చరిత్ర బయటపడింది.

అందులో 14వ శతాబ్దం కనిపిస్తుంది. ఓరుగల్లు పడిన శతాబ్దం, అన్నమదేవుడు నడిచిన శతాబ్దం. ఆ గుహ రాతికి కోట సంగతి తెలియదు. దానికి తెలిసిందల్లా రుతుపవనం పలచబడడం, ఆ లోటు దశాబ్దాల తరబడి సాగడం. దేశంలో ఆ కాలపు పెద్ద కరువులతో అది సరిపోతోందని ఆ పరిశోధకులు చూపించారు. దక్కనులో ఆ శతాబ్దం చివర దుర్గాదేవి కరువని పేరుపడ్డ కరువు ఏళ్ల తరబడి పీడించింది. పొలంలో విత్తనం వేసుకునే మనిషిని అడిగితే, యుగం ఎక్కడ మారిందని చెబుతాడు? సుల్తాను మారిన చోటా, వాన తప్పిన చోటా?

ఈ ప్రశ్నకు భూగర్భ శాస్త్రవేత్తలు ఒక జవాబు ఇచ్చేశారు, అదీ ఇలాంటి గుహ రాతితోనే. మేఘాలయలో సొహ్రా దగ్గర మావ్‌మ్లూ గుహ ఉంది. అక్కడి సున్నపు స్తంభంలో సుమారు 4,200 ఏళ్ల కిందటి పెద్ద అనావృష్టి నమోదై ఉంది. 2018లో అంతర్జాతీయ సంఘం ఆ పొర దగ్గర గీత గీసి, అక్కడి నుంచి ఇవాళ్టి దాకా ఉన్న కాలానికి ‘మేఘాలయన్’ అని పేరు పెట్టింది. అంటే భూమి లెక్కన అన్నమదేవుడూ, దిక్పాలదేవుడూ, మీరూ నేనూ అందరం ఒకే కాలంవాళ్లం.

వాళ్ల పద్ధతిలో నాకు నచ్చేది దాపరికం లేకపోవడం. ఫలానా చోట, ఫలానా పొరలో గీత ఉందని వేలు పెట్టి చూపాలి. అందరూ వెళ్లి చూడగలగాలి. తరవాత ఓటు వేయాలి. మనిషి భూమిని మార్చేశాడు గనుక 20వ శతాబ్దం నడుమ నుంచి ‘ఆంత్రొపొసీన్’ అనే కొత్త యుగాన్ని ప్రకటించాలని ఒక బృందం పదిహేనేళ్లు పాటుపడింది. అణు ధూళి పడిన, కెనడాలోని క్రాఫర్డ్ సరస్సు బురద పొరలను సాక్ష్యంగా తెచ్చింది. 2024 మార్చిలో ఓటు పడింది. నలుగురు అనుకూలం, పన్నెండు మంది వ్యతిరేకం. ప్రతిపాదన వీగిపోయింది. అంతకు ముందు రోజూ అణు ధూళి ఉంది, తరవాతి రోజూ ఉంది. యుగమే లేదు.

మరీ లోతుకు పోతే వాళ్లకూ చూపించడానికి పొర దొరకదు. అప్పుడు గుండ్రటి అంకె ఒకటి ఒప్పందంగా పెట్టేసుకుంటారు. ఆర్కియన్ ముగిసి ప్రొటెరోజోయిక్ మొదలైంది 250 కోట్ల ఏళ్ల కిందట అన్న గీత అలాంటిదే. బస్తర్ నేల అడుగున 350 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లున్నాయి. బైలాడీలా కొండల ఇనుప రాయి కూడా మనిషి ఊహకు అందని ఆ పాత కాలాలదే. 1960ల చివరి నుంచి ఆ కొండను తవ్వి కిరండూల్ నుంచి విశాఖకు రైళ్లలో తెచ్చి ఓడలకెక్కిస్తున్నాం. అరకు వెళ్లేవాళ్లు కిటికీలోంచి చూసే ఆ పొడవాటి గూడ్సు బళ్లలో పోతున్నది అదే.

చరిత్రకారులకు అలాంటి ఓట్ల పెట్టె లేదు. 1817లో జేమ్స్ మిల్ ఇండియాలో అడుగైనా పెట్టకుండా హిందూ, మహమ్మదీయ, బ్రిటిష్ కాలాలని మన చరిత్రను మూడు ముక్కలు కోశాడు. ఆ కోత మన బడి పుస్తకాల్లో చాలాకాలం నిలిచింది. దాన్ని బస్తర్ మీద పెట్టి చూడండి. ఢిల్లీ సుల్తానులు ఏలలేదు. నాగపూర్ మరాఠాలకు కప్పం కట్టారు, తరవాత బ్రిటిష్‌వారికి. సింహాసనం మీద ఉన్నది మాత్రం అదే ఇల్లు. బస్తర్ ఆదివాసీని అడిగితే గీత ఇంకో చోట గీస్తాడు. 1910 ఫిబ్రవరిలో మిరపకాయలు కట్టిన మామిడి కొమ్మలు ఊరూరికీ చేరి, గుండాధుర్ పేరుతో అడవి లేచిన భూమ్‌కాల్ తిరుగుబాటు దగ్గర. రాజులు మారడం కన్నా అడవిని రిజర్వు చేయడం అతనికి పెద్ద మార్పు.

ఇంతకీ కాకతీయ యుగం ఎప్పుడు ముగిసినట్టు? బస్తర్ వైపు నుంచి లెక్క వేస్తే తేదీలకు కొదవ లేదు. సంస్థానం భారతదేశంలో కలిసిపోయిన 1948 జనవరి 1 ఒకటి. అయినా ఆ మరుసటి దసరాకు దంతేశ్వరి పేరున, రావణుడి ఊసే లేని ఆ డెబ్బై ఐదు రోజుల పండగ యథావిధిగా జరిగింది, మాజీ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ ఆదివాసీల కళ్లకు రాజుగానే ఉన్నాడు. 1961లో ప్రభుత్వం ఆయన గుర్తింపు రద్దు చేసి తమ్ముడికి ఇచ్చింది. కాగితం మీద అదొక ముగింపు. జనం ఒప్పుకోలేదు. ఆ మార్చి 31న లోహండీగూడలో కాల్పులు జరిగాయి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ కోటలోనే పోలీసు కాల్పుల్లో ప్రవీర్‌చంద్ర చనిపోయాడు. ఆయనతో పాటు ఎందరో ఆదివాసీలు కూడా. ముగింపు అంటే నెత్తురు కనపడాలనుకునేవాళ్లకు ఈ తేదీ ఉంది.

2022 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు ఆ ఇంటి వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను వరంగల్‌కు పిలిచి మర్యాద చేసింది. ఆయన కాకతీయుడెలా అవుతాడు, భంజ్ అన్నది ఒడిశా మయూర్‌భంజ్ ఇంటిపేరు కదా అని కొందరు అన్నారు. మాట నిజమే. 1921 తరవాత బస్తర్‌ను ఏలింది రాణి ప్రఫుల్లకుమారీ దేవి. ఆమె మయూర్‌భంజ్ ఇంటివాడిని పెళ్లాడింది, పిల్లలకు తండ్రి ఇంటిపేరు వచ్చింది. కూతురి ద్వారా వచ్చిన వంశం లెక్కకు రాదంటే ఆ అభ్యంతరం నిలుస్తుంది. కాకపోతే ప్రతాపరుద్రుడు కూడా రుద్రమదేవికి కూతురి కొడుకే. ఆ లెక్కన కాకతీయ యుగం ఓరుగల్లులోనే, తుగ్లక్‌లు రాకముందే, ఆయన గద్దెనెక్కిన 1289లోనే ముగిసిపోయి ఉండాలి.